విద్యార్థులు అంపశయ్యను జదువవచ్చునా?

కడచిన వేసవిలో జనగామ ప్రాంతమున నొక యున్నత పాఠశాలయందు తెలుగు బోధించు పండితు లొకరు నాయొద్దకు వచ్చి, సంచిలోనుండి యొక నవలను దీసి బల్లపై నుంచిరి. "దీని నొక పదవతరగతి విద్యార్థి గ్రంథాలయమునుండి తెచ్చుకొని, పాఠ్యపుస్తకము చాటున బెట్టుకొని చదువుచుండగా దీసికొంటిని. కొన్ని పుటలు చదివితిని. ఆపై జదువ మనసొప్పలేదు. తిరిగి వాని కిచ్చుటయా, మానుటయా? మీరు చెప్పుడు" అని యడిగిరి. ఆ పుస్తకము అంపశయ్య. వెంటనే యుత్తర మీయలేకపోయితిని. వారము దినములు గడువు గోరి పుస్తకమును మఱల మొదటినుండి చదివితిని. ఆ పండితులకు నేను జెప్పిన సమాధానమునే కొంత పెంచి యిచ్చట వ్రాయుచున్నాను. ఇట్టి ప్రశ్న మనలో ననేకులకు ఎదురగుచుండుననియే నా తలంపు.

వారి సంకోచము నిష్కారణమైనది గాదు. పదునాఱు, పదునేడేండ్ల కుఱ్ఱవాండ్ర మనఃస్థితినిగూర్చి యుపాధ్యాయులు భయపడవలసినంత మన యెదుటనే జరిగినది. 2019 ఏప్రిలు మాసమున తెలంగాణమున ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన పిదప పలువురు విద్యార్థులు ప్రాణములు దీసికొనిరి. ఆ ఫలితములలో దొరలిన పొరపాట్లను విచారించుటకు సంఘము నేర్పఱుపవలసి వచ్చెను. అట్టి వార్తలు వినిన యుపాధ్యాయునకు, ఒక బీద విద్యార్థి తన్ను దానే పొడుచుకొనుచు దినము గడపు కథను బాలుని చేతికిచ్చుట నిప్పు నిచ్చినట్లు తోచుట సహజము. కావున ఈ ప్రశ్నకు రసికత్వముతో మాత్రమే యుత్తరము చెప్పి తప్పించుకొనరాదు.

గ్రంథకర్త దొంగరి మల్లయ్యగారు. నవీన్ అనునది వారి కలముపేరు. ఈ నవల ప్రసిద్ధి కెక్కిన పిమ్మట లోకము వారిని అంపశయ్య నవీన్ అనియే పిలుచుచున్నది. ఒక శ్లోకమునందలి యుపమనుబట్టి కాళిదాసును దీపశిఖాకాళిదాసనియు, మాఘుని ఘంటామాఘుడనియు, భారవిని ఆతపత్రభారవి యనియు పిలిచిన జాతికి ఇది వింత గాదు. ఆయన 1941వ సంవత్సరమున పాలకుర్తి చేరువనున్న వావిలాలయందు జన్మించెను. ఆ గ్రామము నాడు ఓరుగల్లు జిల్లాలోనిది. 2016లో పాతజిల్లా విభజింపబడి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మున్నగు క్రొత్త జిల్లాలేర్పడినపుడు జనగామ జిల్లాలో జేరినది. నవల 1969లో వెలువడెను. పిదప ఆయన కాలరేఖలు అను నవలకు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. అయినను పాఠకుని నోట ముందుగా వచ్చునది అంపశయ్య యే.

పాలకుర్తి యనగానే పాల్కురికి సోమనాథుడు స్మరణకు వచ్చును; బమ్మెరయు నా చేరువదే. పోతన నివాసమునుగూర్చి ఒంటిమిట్టవారికిని ఓరుగంటివారికిని నడచిన వాదమును నేనిచట మఱల ద్రవ్వబోను. నాకు గావలసినది వేఱొకటి. పోతన భాగవత ప్రథమస్కంధమున భీష్మనిర్యాణఘట్టము గలదు. అంపశయ్యపై నున్న వృద్ధుడు తన యెదుట నిలిచిన కృష్ణుని గాంచి చేయు స్తుతి తెలుగు నేలపై గంఠస్థము గాని యిల్లు లేదని చెప్పవచ్చును. బమ్మెరకు బొరుగూరి పిల్లవాడొకడు ఆ పద్యములు వినుచు బెరిగి, తరువాత నదే శయ్యపేరు తన నవలకు బెట్టినాడు. ఈ నామకరణము యాదృచ్ఛికమని నేను దలపను. ఆ పేరులోనే పుస్తకమును దెఱచు తాళపుజెవి యున్నది.

ముందు శబ్దము. అమ్ము శబ్దము సమాసమున 'అంప' యగుట అంపకోల, అంపవాన మున్నగు పదములయందు మన మెఱిగినదే. దానికి దత్సమమైన శయ్య చేరినది. శుద్ధసంస్కృతమున శరశయ్య, శరతల్పము అనదగును. ఇది యాచ్ఛిక తత్సమముల కూడికయగు మిశ్రసమాసము. శయ్య కింకొక యర్థమును గలదు. కాకతి ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు రచించిన యలంకారగ్రంథమున, పదముల యన్యోన్యమైత్రికి శయ్యయని పేరు. ఈ నవలలోని వాక్యములయందు అట్టి మైత్రిని వెదకువానికి మొదట నిరాశయే కలుగును. ఒక తలంపునకు దరువాతి తలంపునకు బొత్తు కుదరదు. ఒకదానిపై నొకటి యమ్ములవలె వచ్చి నాటుకొనును. పండితులు తొలిపుటలయందే నిలిచిపోవుటకు ఇదియు నొక హేతువని నా యనుమానము. అశ్లీలమని వారు చెప్పినది కొంతయే. అన్వయము కుదరకపోవుట తక్కినది.

ఇక నర్థము. భీష్ముడు పదవనాటి యుద్ధమున బడెను. దేహమంతట నాటిన బాణములే పానుపయ్యెను. తల మాత్రము క్రిందికి వ్రేలాడెను. రాజులు మెత్తని తలగడలు దెచ్చిరి. అవి వీరశయ్యకు దగవని యాతడు వానిని ద్రోసిపుచ్చి, అర్జునునివంక జూచెను. అర్జునుడు మూడు బాణములు నాటి తలకు బాసట గూర్చెను. దుర్యోధనుడు శల్యములు దీయనేర్చిన వైద్యులను దెచ్చినపుడును ఆతడు వారిని సత్కరించి పంపివేయుమనెను. దాహమునకు సైతము రాజులు దెచ్చిన నీరు ద్రావక, అర్జునుడు భూమిని భేదించి రప్పించిన జలమునే త్రావెను. ఏబదియెనిమిది రాత్రు లా శయ్యపై గడపి, యుత్తరాయణము రాగా దన యిచ్ఛచే దనువు విడిచెను. ఈ కథయందు గమనింపవలసిన దేమనగా, భీష్ముని శయ్య యాతడు వరించినది. తండ్రి యిచ్చిన వరమువలన మరణ మాతని చేతిలోనున్నది. చుట్టును దాను బెంచిన మనుమలు నిలిచియున్నారు, తాను చెప్పినది వినుటకు ధర్మజుడు కూర్చుండియున్నాడు, ఎదుట గృష్ణుడున్నాడు. శాంత్యానుశాసనికముల యుపదేశమంతయు నా పానుపుపైనుండియే వెలువడినది.

నవలలోని రవికి ఇందులో నొక్కటియు లేదు. శయ్య మాత్ర మున్నది. రవి పల్లెనుండి యుస్మానియా విశ్వవిద్యాలయమునకు వచ్చి వసతిగృహమున నుండి చదువుకొను బీద విద్యార్థి. కథాకాలము పదునాఱు గంటలు మాత్రమే. ఒకదినపు మేల్కొనుటకును నిదురకును నడిమి కాలమన్నమాట. ఆ గంటలలో వాని బుద్ధియందు మెదలిన తలంపులే నవల. అమ్ములను వాడు కోరి తెచ్చుకొనలేదు. వానిని దీసివేయు స్వేచ్ఛయు లేదు. వాని మాట వినువాడు లేడు. వాడు దన్ను దానే వినుచుండును. భీష్ముని పేరు వీనికి బెట్టుట యవమానించుటకు గాదు, పరిహాసమునకును గాదు. ఏవి యున్నచో శయ్య భరింపదగినదియగునో వానిని లోపింపజేసి చూపుటకు. పోతన పద్యములు నోటికి వచ్చిన పాఠకునికి ఈ లోపము తెలిసినట్లు ఇతరులకు దెలియదు. అందుచేతనే ఈ నవలను విద్యార్థికి జెప్పవలసినవారు తెలుగుపండితులే యని నా యభిప్రాయము. ఇతరోపాధ్యాయులకన్న వారికే ఇందు జొరబడు దారి సులభము.

రవి పదునాఱేండ్ల బాలుడు గాడనియు, పెద్దచదువు చదువుచున్నవాడనియు జ్ఞప్తియందుంచుకొనవలెను. కాని వాని బాధ యౌవనారంభమునకు జెందినది. కావుననే దానిని జదువు కుఱ్ఱవాడు తనదిగా గ్రహించుచున్నాడు.

బాలుని వేదన మన వాఙ్మయమునకు గ్రొత్తయా? గాదు. సవతితల్లి తండ్రి తొడపై గూర్చుండనీయక త్రోసివేసిన ధ్రువుడు గలడు. తండ్రిచే విషమునకు, పాములకు, ఏనుగులకు, అగ్నికి నప్పగింపబడిన ప్రహ్లాదుడు గలడు. వాని గురువులగు చండామర్కులు పాఠము చెప్పి యలసిన తీరు జదివి నవ్వుకొనని యుపాధ్యాయుడుండడు. ఐతరేయబ్రాహ్మణమున నూఱు గోవులకు దండ్రిచే నమ్మబడిన శునశ్శేపుడు గలడు. సోమనాథుని బసవపురాణమున సిరియాలుని కథ గలదు; జంగమవేషమున వచ్చిన శివునికై తలిదండ్రులు కొడుకును వండి వడ్డించిన యా కథకన్న భయంకరమైనది ఏ యాధునికుడు వ్రాసినాడో నాకు దెలియదు. దానిని మనము బాలురకు జెప్పుచునే యున్నాము, పండుగనాడు హరికథగా వినుచునే యున్నాము. అట్లగుటకు గారణము, చివర శివుడు వచ్చునని వినువానికి ముందే తెలియుట. మఱియొకటి గూడ గలదు. ఆ బాలురలో నెవ్వనికిని సంశయము లేదు. కష్టమంతయు వెలుపల నున్నది, లోపల దృఢవిశ్వాసమున్నది. ప్రహ్లాదుని యేనుగు త్రొక్కినను వాని మనసు బెదరలేదు. రవిని ఏ యేనుగును ద్రొక్కుట లేదు. వెలుపల జూచిన వాడు నడచుచున్నాడు, తినుచున్నాడు, స్నేహితులతో మాటలాడుచున్నాడు. లోపలనే సమస్తమును జరుగుచున్నది. మన ప్రాచీనకథలు విద్యార్థికి ధైర్యము నిచ్చునుగాని, లోపల బెదరిన మనసెట్లుండునో చెప్పవు. ఆ పని నవలకు మిగిలినది.

మహబూబాబాదు ప్రాంతమున చిన్నగూడూరునందు బుట్టిన దాశరథి రంగాచార్యులవారి చిల్లరదేవుళ్లు గూడ నించుమించుగ నీ కాలముదే. అందు దొరల గడీలోని క్రౌర్యము, దానిక్రింద నలగిన దాసీల బ్రతుకు, బంజరు భూములకొఱకై గిరిజనుల పెనగులాట కానవచ్చును. దుఃఖమునకు అందొక రూపమున్నది, పేరున్నది, అది నివసించు నిల్లున్నది, దానిపై దిరుగబడవచ్చును. అంపశయ్యలో గడీ పోయి, దాని నీడ యొక కుఱ్ఱవాని తలలో నిలిచినది. ఈ రెండు నవలలను జతగా జదివినవారికి ఓరుగల్లు సీమలో నొక తరము నుండి మఱియొక తరమునకు బాధ స్థలము మార్చుకొన్న విధము కనబడును.

ఇక రచనారీతి. దీనిని మన విమర్శకులు చైతన్యస్రవంతి యనుచున్నారు. మనస్సు ముక్కలు ముక్కలుగా గాక ప్రవాహముగా నడచునని అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు విలియం జేమ్స్ 1890లో నొక గ్రంథమున వివరించెను. ఆ మాటను బిదప సాహిత్యమునకు వర్తింపజేసిరి. జేమ్స్ జాయిస్ 1922లో నచ్చొత్తించిన యులిసీస్ నవల డబ్లిన్ పట్టణమున నొక్కదినపు కథయే. తెలుగున గోపీచందుగారి అసమర్థుని జీవయాత్ర, బుచ్చిబాబుగారి చివరకు మిగిలేది, రావిశాస్త్రిగారి అల్పజీవి యీ మార్గమున నడచినవే. బుచ్చిబాబుగారి దయానిధియు దల్లినిగూర్చిన యపవాదును మోయుచు దిరిగిన యువకుడే. ఏది మొదటి చైతన్యస్రవంతి నవల యను తగవున నాకు రుచి లేదు. ఒకే దినమును బట్టుకొని గ్రంథమంతయు నొక విద్యార్థి తలలోనే నిలిపిన సాహసము మాత్రము నవీన్‌గారిది.

ఈ రీతి యెఱుగని పాఠకునికొఱకు నేనే కల్పించిన యుదాహరణ మొకటి చెప్పెదను. ఒక బాలుడు తరగతిలో గూర్చున్నాడు. గంట మ్రోగినది. ఆ మ్రోతతో వానికి ఊరి గుడిగంట తోచును. గుడి తోచుటతో, దసరానాడు జమ్మిచెట్టుకడకు దాను పాతచొక్కాతో బోయినది తోచును. చొక్కావెంట షావుకారు దుకాణము. దుకాణమువెంట నచ్చట తలవంచి నిలిచిన తండ్రి. తండ్రివెంట, ఆ దినమున దాను సిగ్గుపడి తండ్రిని జూడనట్లు తప్పుకొని పోయిన సందు. ఇంతలో ఉపాధ్యాయుడు "ఏమిరా, వింటున్నావా?" యనగా, "వింటున్న సార్" అని లేచును. గడియారమున గడచినది కొన్ని క్షణములు. బాలుడు గడపినది రెండేండ్లు. వ్యాసమున నేను 'తోచును, తోచును' అని తీగ కట్టితిని. నవలాకారుడు ఆ తీగను దీసివేయును. తీగ కట్టుకొనుట పాఠకుని పని. శ్లోకమునకు బదచ్ఛేదము చేసి యన్వయము గూర్చుట యలవాటైన మనకు ఇది నిజముగ నంత కష్టము గాదు. ప్రతివాక్యముకడ నాగి, ఇది యిప్పుడు జరుగుచున్నదా, జ్ఞప్తికి వచ్చినదా, జరుగవలెనని కోరుకొన్నదా, జరుగునేమోయని భయపడినదా యని ప్రశ్నించుకొనిన జాలును. కోరికను జేష్టగా భ్రమించి చదివిన పాఠకుడు పుస్తకమును దప్పుగా జదివినవాడు. ఈ నవలపై బుట్టిన యాక్షేపణలలో బెక్కులు ఇట్టి భ్రమవలన బుట్టినవే.

మన యలంకారశాస్త్రముతో దీనిని గొలువవచ్చునా యని కొంత యాలోచించితిని. భరతుడు 33 వ్యభిచారిభావములను లెక్కించినాడు. నిర్వేదము, గ్లాని, శంక, అసూయ, దైన్యము, చింత, స్మృతి, వ్రీడ, ఆవేగము, విషాదము, అవహిత్థ, వితర్కము – ఈ పేరులను వరుసగా జదివిన రవి దినచర్య జదివినట్లే యుండును. స్థాయి యను సముద్రమున నివి తరంగములవలె లేచి యడగవలెనని శాస్త్రము. ఈ నవలలో దరంగములే కాని సముద్రము కానరాదని, కావున రసనిష్పత్తి లేదని యొక విద్వాంసుడు వాదింపవచ్చును. మొదట నేనును అట్లే తలచితిని. రెండవసారి చదివినపుడు మఱియొకటి తోచినది. వ్రీడ, అనగా సిగ్గు, శాస్త్రమున క్షణికమైన సంచారి. ఇందు మాత్ర మది కదలకుండ గూర్చున్నది. తక్కిన భావములన్నియు దానినుండి లేచి దానియందే పడుచున్నవి. డబ్బు లేదను సిగ్గు, పల్లెటూరివాడనను సిగ్గు, ఇంటివారు పస్తులుండి పంపిన దానిని దాను దినుచున్నానను సిగ్గు, కోరికలు కలుగుచున్నవను సిగ్గు, ఇంత సిగ్గుపడుచున్నానను సిగ్గు. దానికి దోడు అవహిత్థ, అనగా లోని భావమును ముఖమున దెలియనీయక దాచుట. వసతిగృహమున బదిమంది నడుమ నివసించు బీద విద్యార్థికి అవహిత్థ ఊపిరి పీల్చుటవంటిది. వ్రీడకు స్థాయిత్వము గలదా యని శాస్త్రకారుల నడిగిన నొప్పుకొనరు. రసగంగాధరకారుడు ఇట్టి నవల నెఱిగియుండిన నేమనియుండెడివాడో!

ఈ సిగ్గు మన సీమకు ఊహామాత్రము గాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ బోధనభాషగా నెలకొల్పబడినది. హైదరాబాదు సంస్థానము 1948లో భారతదేశమున గలిసిన పిదప నా యుర్దూ పోయి యాంగ్ల మచట నిలిచినది. పాలకుర్తి వంటి పల్లెనుండి పోయిన విద్యార్థికి ఇంటిలో దెలంగాణపు దెలుగు, పుస్తకమున వేఱొక తెలుగు, వీథిలో ఉర్దూ, తరగతిలో ఆంగ్లము. నోరు విప్పుటకు ముందే నాలుగుచోట్ల దప్పు దొరలునేమో యని వెఱపు. తాను పుట్టిన మాటయే ఎదుటివానికి నవ్వగును. ఈ వెఱపు నేటికిని బోలేదు. భూపాలపల్లి బొగ్గుగనుల ప్రాంతమునుండియు, మహబూబాబాదు తండాలనుండియు వసతిగృహములకు వచ్చు పిల్లల నడిగి చూడుడు. లంబాడా పిల్లవానికి ఐదవ భాషయు గలదు. రవి కథ యఱువదుల దశకముతో ముగిసిపోలేదని వారే చెప్పుదురు.

అశ్లీలమును గూర్చి మాటలాడక తప్పదు. రవి మనస్సున స్త్రీలనుగూర్చిన తలంపులు మెండు. గ్రంథకర్త వానిని గప్పిపుచ్చలేదు. ఇందు బ్రబంధములయందలి వర్ణనలకన్న నెక్కు డేమియు లేదని కొందఱు సమర్థింతురు. ఆ సమర్థన సరికాదు. ప్రబంధములందలి శృంగారము వర్ణించువానికిని వినువానికిని బండుగ. ఇందలిది రవికి శిక్ష. తలంపు వచ్చిన మఱుక్షణమున వాడు దన్ను నిందించుకొనును. ఈ యాత్మనింద పాఠకుని చెడగొట్టదు. కాని వాని నలయింపవచ్చును. నాకు దోచిన నిజమైన లోపము వేఱొకటి. నవలయంతయు రవి కన్నులతో జూచినదగుటచే స్త్రీలు వాని తలంపున బడిన నీడలుగనే మిగిలిరి. వారికిని నొక లోపలిదినముండునని రవికి దోచదు. ఈ మాట నుపాధ్యాయుడు తరగతిలో జెప్పకున్న నెవరు చెప్పుదురు? ఆ తరగతిలో బాలికలును గూర్చుందురు గదా. పునరుక్తియు నీ నవలలో గొంత గలదు. ఒకే బాధ చుట్టుకొని చుట్టుకొని వచ్చును. బాధపడువాని తల యట్లే తిరుగునని గ్రంథకర్త పక్షమున జెప్పవచ్చునుగాని, పాఠకుని యోర్పునకును హద్దున్నది.

ఇక పండితులు నోట ననకున్నను మనసున నుంచుకొన్న భయము, చీకటి పుస్తకము చీకటిని బెంచునా యనునది. ఈ భయము పాతది. గ్యోతే జర్మనుభాషలో వ్రాసిన వెర్థర్ నవల 1774లో వెలువడినపుడు, దానిని జదివి యువకులు ప్రాణములు దీసికొనుచున్నారని కలవరము పుట్టి, 1775లో లైప్‌జిగ్ నగరమున దానిని నిషేధించిరి. అమెరికాలో శాలింజర్ 1951లో బ్రకటించిన ది క్యాచర్ ఇన్ ది రై యను నవల, పాఠశాలనుండి వెడలగొట్టబడి నగరమున దిరుగాడు పదునాఱేండ్ల హోల్డెన్ కథ. దానిని గొన్ని పాఠశాలలు పాఠ్యముగ నుంచినవి, కొన్ని గ్రంథాలయములనుండి తీసివేసినవి. అచ్చట యౌవనారంభమున నున్నవారికొఱకు బ్రత్యేకముగ నవలలు వ్రాయు సంప్రదాయ మేర్పడి, రాబర్ట్ కార్మియర్ 1974లో వ్రాసిన ది చాక్లెట్ వార్ వంటి కటువైన కథలను సైతము బాలురకు నిచ్చుచున్నారు. వానిపైనను దగవులు తప్పలేదు. మనకు నట్టి మెట్టు సరిగ నేర్పడలేదు. 1947 జూలైలో బుట్టిన చందమామను జదివి పెరిగిన తరములు, ఆ పత్రిక విడిచిన నాడు నేరుగా పెద్దల నవలలలో నడుగిడవలసివచ్చెను. నేడు చందమామయు నిలిచిపోయినది. పండ్రెండేండ్ల వానికిని నిరువదియేండ్ల వానికిని నడుమ నున్న బాలునికొఱకని మన యలమారులో నేమున్నదని వెదకిన జేతికి దగులునవి కొలదియే. అందుచే వాడు అంపశయ్యను దానే వెదకి తెచ్చుకొన్నాడు. పాఠ్యపుస్తకము చాటున బెట్టి చదివినాడన్న నేరము వానిదెంతయో మనదియు నంత.

చీకటి పుస్తకము తనంత దాను బాలుని జెఱచునని నేను నమ్మను. ఒంటరిగ జదువబడినపుడు హాని చేయవచ్చునని యొప్పుకొందును. రవిని జదువు బాలుడు, ఇట్టి తలంపులు తనకొక్కనికే కలుగునని యంతవఱకు దలచియుండును. పుస్తకము జదివిన పిమ్మట నొక పెద్దవాడు, అచ్చులో బేరున్నవాడు, తనవలెనే తలచినాడని తెలియును. ఇది కొంత యూరట. కాని యంతటితో నాగినచో, లోకమంతయు నిట్లే యున్నదను నిశ్చయమును గలుగవచ్చును. ఆ సందునందు నిలువవలసినవాడు ఉపాధ్యాయుడు. భీష్మునికి మెత్తని తలగడ తెచ్చినవారు ప్రేమలేనివారు గారు; శయ్య యెట్టిదో వారికి దెలియలేదు, అంతే. నీతికథల సంపుటము నొకదానిని బాలుని చేతికిచ్చి దీనిని లాగికొనుట యట్టి తలగడ దెచ్చుటయే. అర్జునుడు దెచ్చినవియు బాణములే. కాని తల నిలిచినది.

పండితులతో నేను జెప్పిన పద్ధతి యిది. విద్యార్థికి బుస్తకము నిచ్చుటకు ముందు దాము పూర్తిగ జదువవలెను. తరువాత వానికి భీష్మపర్వమున శరతల్పఘట్టమును, భాగవతమున భీష్మస్తుతిని జదివి వినిపించి, పిదప నవల నీయవలెను. చదువుచున్న దినములలో వానిని బరీక్షాప్రశ్న లడుగరాదు. రవి గొప్పవాడా, చెడ్డవాడా యని తీర్పు చెప్పింపరాదు. నేడెంతవఱకు జదివితివి, రవికి గంట యెంతయైనది యని మాత్ర మడిగిన జాలును. తక్కినది వాడే చెప్పును. చెప్పకున్న జెప్పకపోనిండు. వాని మాటలలో బ్రాణముపై విరక్తి సూచన యేమైన వినవచ్చినచో, అది సాహిత్యవిషయము గాదు. అప్పుడు పుస్తకమును బ్రక్కనబెట్టి, తలిదండ్రులకును వైద్యునికిని దెలుపవలెను. అందు సంకోచము కూడదు. ఇంకను చిన్నతరగతుల బాలురకు నీ నవల నీయరాదనియే నా యభిప్రాయము. వారికి దీనిలో విసుగు తప్ప వేఱొకటి దొరకదు.

పండితులు కొంతసేపు మాటలాడలేదు. ప్రతిపుటయందును దొరలు ఆంగ్లపదములనుగూర్చి యొక యాక్షేపణ చేసిరి. నాటి విశ్వవిద్యాలయ విద్యార్థు లట్లే మాటలాడిరని చెప్పితిని. మాటలాడుట వేఱు, వ్రాయుట వేఱని వారనిరి. ఆ విషయమున మాకు నేటికిని నేకాభిప్రాయము కుదరలేదు. పుస్తకమును మాత్రము సంచిలో బెట్టుకొని పోయిరి. ముందు దాము చదివి, విద్యార్థికి దమ చేతితోనే యిచ్చెదమనిరి. నెల దాటినది. మొన్న నొకచో గనబడినపుడు విచారించితిని. ఇంకను సగమైన గాలేదట. పుట యొకటి త్రిప్పునప్పటికి దమ వసతిగృహపు దినములు జ్ఞప్తికి వచ్చి, పుస్తకము నట్లే మూసి కూర్చుండుచున్నారట. ఆ కుఱ్ఱవాడు రోజు విడిచి రోజు వచ్చి, "మీదయ్యిందా సార్?" అని యడుగుచున్నాడట.